పిరమిడ్ బొమ్మ ఎవరి సొత్తు? కైరో గ్రీకుల సిగరెట్ వ్యాపారం: ఒక కేస్ స్టడీ

పొగాకు ఆకు కొనుగోళ్లు, గ్రేడింగ్, బ్లెండింగ్ పనుల్లోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇప్పుడు ఒంగోలు, గుంటూరు వైపు ఎగుమతులు చేసే కుటుంబ సంస్థలకు సలహాలిస్తుంటాను. సరుకు మిర్చి కావచ్చు, పసుపు కావచ్చు, పొగాకు కావచ్చు. వ్యాపారం పిల్లల చేతికి వచ్చేసరికి వాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "మన ప్రాంతం పేరు మీద మనమే బ్రాండ్ ఎందుకు పెట్టకూడదు?" మంచి ప్రశ్నే. అది వచ్చినప్పుడల్లా నేను వాళ్ల ముందు పెట్టే కేసు నెస్టర్ జియానాక్లిస్‌ది. పందొమ్మిదో శతాబ్దంలో ఈజిప్టులోని కైరోలో సిగరెట్ ఫ్యాక్టరీ పెట్టిన గ్రీకు వ్యాపారి ఆయన. ఆయనతోపాటు, ఆయన వెనకాల కైరోకి చేరిన గ్రీకు సిగరెట్ కుటుంబాలది.

సిగరెట్ మనిషి ఒంటికి చేసే కీడు గురించి నాకు ఏ సందేహమూ లేదు. ఈ కేసు పొగతాగడాన్ని పొగడటానికి రాసింది కాదు. ఒక దేశంలో పండని ఆకుతో, ఆ దేశం పేరు మీద, మూడో దేశం వాళ్లు ప్రపంచ మార్కెట్‌ను ఎలా పట్టారు, ఆ పట్టు ఎలా జారిపోయింది అన్నదే ఇందులో విషయం.

మనిషి, ఊరు, ఆకు

జియానాక్లిస్ కుటుంబాన్ని గ్రీకులు త్సానాక్లిస్ అంటారు. వాళ్లది థ్రేస్ ప్రాంతంలోని కొమొతిని. ఇప్పుడది ఉత్తర గ్రీసులో ఉంది, అప్పట్లో ఒట్టోమన్ (టర్కీ) సామ్రాజ్యంలో ఉండేది. కొమొతినికి పడమరగా క్సాంతి, ఇంకా ముందుకెళ్తే కవాలా రేవు. పొగాకు తెలిసినవాళ్లకు ఈ పేర్లు చెబితే చాలు, ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో అర్థమైపోతుంది. ఓరియెంటల్ పొగాకులో, అంటే టర్కిష్ అని కూడా పిలిచే చిన్న ఆకు రకంలో, అన్నిటికంటే మేలైన ఆకు పండే నేల అది.

మన వర్జీనియా ఆకు చూసిన కళ్లకు క్సాంతి బాస్మా ఆకు పసిపిల్లలా కనిపిస్తుంది. మన ఆకు మోచేతి పొడవు ఉంటుంది. అది అరచేతిలో ఇమిడిపోతుంది. మనం ఆకు కొట్టి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో (ఆకు ఆరబెట్టే కొట్టంలో) వేడి పెట్టి క్యూరింగ్ చేస్తాం. వాళ్లు ఆకులను సూదితో దారానికి గుచ్చి ఎండలో ఆరబెడతారు. బ్యారన్ లేదు, పుల్లలు లేవు, బొగ్గు లేదు. రాతి నేలలో, నీరు పెద్దగా పెట్టకుండా, మొక్కలు దగ్గర దగ్గరగా నాటుతారు. అందుకే ఆకు చిన్నదవుతుంది, జిగురు పడుతుంది. వాసన అంతా ఆ జిగురులోనే ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే ఆ బంక వేళ్లకు అంటుకుని చాలాసేపు వదలదు.

ఆకు ఆరగానే పని అయిపోదు. బేళ్లు కట్టి గోదాముల్లో పెడతారు. వేసవి వస్తున్నకొద్దీ బేలు లోపల ఆకు తనంతట తాను వేడెక్కి పులుస్తుంది. ఆ రోజుల్లో బేళ్లను తిప్పుతూ ఉండాలి, లేకపోతే మాగాల్సిన ఆకు మాడిపోతుంది. పైగా ఓరియెంటల్ ఆకును ఒకే ఊరి నుంచి తెచ్చి సిగరెట్ చేసేయరు. క్సాంతి నుంచి వాసన, ఇజ్మీర్ నుంచి తీపి, మరోచోటి నుంచి నిండుతనం, ఇలా రకరకాల ఊళ్ల ఆకును, రెండు మూడు పంటల ఆకును కలుపుతారు. పంట ఎలా ఉన్నా ఏటికేడు ఒకే రుచి రావాలి. ఆ కలపడం తెలిసినవాడే అసలు పెట్టుబడిదారు. ఈ విద్య జియానాక్లిస్ లాంటి వాళ్లకు పుట్టిన ఊరి నుంచి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో వాళ్లకు నిజంగా సొంతమైన ఆస్తి ఇదొక్కటే అని నా అభిప్రాయం.

కైరోకే ఎందుకు?

సాధారణంగా చెప్పే కారణం ఒట్టోమన్ పొగాకు గుత్తాధిపత్యం. అప్పుల్లో కూరుకుపోయిన ఆ సామ్రాజ్యం 1870లలో పొగాకును గుత్త కిందికి తెచ్చింది. 1883లో యూరప్ బ్యాంకుల చేతిలో ఉన్న రెజీ అనే కంపెనీకి ఆ గుత్తను అప్పజెప్పింది. రైతు ఎవరికి అమ్మాలి, ఎవరు సిగరెట్ చేయాలి అన్నీ రెజీయే చెప్పేది. ఈజిప్టు పేరుకు ఒట్టోమన్ల కింద ఉన్నా ఈ గుత్త అక్కడ వర్తించలేదు. అందుకే గ్రీకు వ్యాపారులు కైరోకి తరలిపోయారు అంటారు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట సగమే నిజం అనిపిస్తుంది. జియానాక్లిస్ ఈజిప్టుకు వచ్చింది 1864లో. కిరియాజీ అన్నదమ్ములు కైరోలో కంపెనీ పెట్టింది 1873లో. అప్పటికి గుత్త బిగుసుకోలేదు. 1864 అంటే అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు. అక్కడి పత్తి ఆగిపోవడంతో ఈజిప్టు పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. సూయజ్ కాలువ తవ్వకం జోరు మీద ఉంది. డబ్బు పొంగుతున్న చోటికి గ్రీకులు ఓడలెక్కి వచ్చారు, అందులో పొగాకు తెలిసినవాళ్లూ ఉన్నారు. గుత్త వల్ల వచ్చింది తర్వాతి గుంపు. 1886లో మొదలైన దిమిత్రినో లాంటి కంపెనీలకు ఆ కారణం సరిగ్గా సరిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ తేడా పట్టి పట్టి చెబుతాను. మొదట వచ్చినవాడు అవకాశం చూసి వచ్చాడు, తర్వాత వచ్చినవాడు ఇబ్బంది తప్పించుకోవడానికి వచ్చాడు. ఇద్దరి లెక్కలూ ఒకటి కావు.

ఇంకో కారణం కూడా ఉంది. అప్పటి ఈజిప్టులో కాపిట్యులేషన్లు అనే ఏర్పాటు ఉండేది. యూరప్ దేశాల పౌరుల మీద స్థానిక ప్రభుత్వం తనకు నచ్చినట్టు పన్ను వేయలేదు. వాళ్ల తగాదాలు కాన్సులేట్ కోర్టులకు, 1876 నుంచి విదేశీ, స్థానిక జడ్జీలు కలిసి కూర్చునే మిశ్రమ కోర్టులకు వెళ్లేవి. గ్రీకు పౌరసత్వం ఉన్న వ్యాపారికి ఇది పెద్ద గొడుగు. గొడుగు పట్టుకున్నది వేరేవాళ్లు అన్న సంగతి అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు.

1871లో జియానాక్లిస్ కైరో నడిబొడ్డున ఖైరీ పాషా భవనంలో ఫ్యాక్టరీ పెట్టాడు. ఒక మంత్రి కట్టించుకున్న రాజభవనంలో సిగరెట్ల తయారీ! ఇది నాకు చాలా తెలివైన పనిగా కనిపిస్తుంది. కైరో చూడటానికి వచ్చే ధనవంతులకు ఫ్యాక్టరీ కంటికి కనబడే చోట, గొప్పగా ఉండాలి. ఆ రోజుల్లో థామస్ కుక్ కంపెనీ నైలు నదిలో స్టీమర్లు నడుపుతోంది. యూరప్, అమెరికా పర్యాటకులు చలికాలమంతా కైరో హోటళ్లలో దిగేవాళ్లు. తిరిగి వెళ్లేటప్పుడు పెట్టెలో నాలుగు సిగరెట్ డబ్బాలు పెట్టుకుని వెళ్లేవాళ్లు.

1882లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టును ఆక్రమించింది. అక్కడ దిగిన ఆఫీసర్లకు ఈ సిగరెట్ రుచి పట్టుకుంది. లండన్ తిరిగి వెళ్లాక కూడా అదే కావాలన్నారు. ప్రకటనలకు పైసా ఖర్చు లేకుండా బ్రిటన్ క్లబ్బుల నుంచి ఆర్డర్లు వచ్చాయి. 1880ల నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా ఈజిప్టు సిగరెట్ అంటే యూరప్‌లో, అమెరికాలో గొప్పింటివాళ్ల సిగరెట్. వలస పాలనలో ఉన్న ఒక దేశం నుంచి తయారైన సరుకు వెళ్లి పాశ్చాత్య ఫ్యాషన్‌ను మార్చడం ఆ కాలంలో చాలా అరుదు. ఈ విషయం చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

పంటను నిషేధించిన చట్టం

కేసులో అందరూ తొందరగా దాటేసే చోటు ఇది. నేను మాత్రం ఇక్కడ ఆగమంటాను.

1890లో ఈజిప్టు ప్రభుత్వం తన నేలలో పొగాకు సాగును పూర్తిగా నిషేధించింది. ఆరోగ్యం కోసం కాదు, సుంకం కోసం. ఈజిప్టు ఖజానా మీద 1876 నుంచీ అప్పులిచ్చిన యూరప్ దేశాల నిఘా ఉంది. 1883 నుంచి బ్రిటిష్ ప్రతినిధి క్రోమర్ మాటే లెక్క. అప్పు కట్టడానికి డబ్బు కావాలి. పల్లెపల్లెనా పండే ఆకు మీద పన్ను వసూలు చేయాలంటే ఊరూరా అధికారులు తిరగాలి. అదే ఆకు అంతా ఓడల్లో అలెగ్జాండ్రియా రేవుకు వస్తే ఒక్క గేటు దగ్గర నిలబడి వసూలు చేయొచ్చు. అందుకే సాగు ఆపేసి, దిగుమతి ఆకు మీద సుంకం వేశారు. అంతకుముందే 1884లో గ్రీసుతో వాణిజ్య ఒప్పందం కుదరడంతో గ్రీకు ఆకు కూడా రావడం మొదలైంది.

ఈ నిషేధం వల్ల కైరో ఫ్యాక్టరీలకు ఏం జరిగింది? స్థానికంగా పండే నాటు ఆకుతో చవక సిగరెట్ చేసి పోటీకి వచ్చే దారి మూసుకుపోయింది. మంచి ఆకు దిగుమతి చేసుకోగల పెట్టుబడి, కవాలాలో మనుషులు, రుచి తెలిసిన నాలుక ఉన్నవాళ్లకే మార్కెట్ మిగిలింది. గ్రీకు, అర్మీనియన్ కుటుంబాలకు ఇది గోడ కట్టి ఇచ్చినట్టయింది.

కానీ ఇదే చట్టం ఇంకో పని కూడా చేసింది. ఈజిప్టు సిగరెట్‌కూ ఈజిప్టు నేలకూ ఉన్న లంకెను తెంచేసింది. ఇక ఆ సిగరెట్‌లో ఈజిప్టుది అనదగ్గది ఏముంది? ఆకు మాసిడోనియాది, థ్రేస్‌ది, అనటోలియాది (నేటి టర్కీ). యజమాని గ్రీకు. ఈజిప్టువి అంటే ఫ్యాక్టరీ గోడలు, డబ్బా మీద పిరమిడ్ బొమ్మ, ఖెదీవ్ (ఈజిప్టు పాలకుడి) ఆస్థానానికి సరఫరా చేస్తామన్న ముద్ర. లాభాలు కురుస్తున్న రోజుల్లో ఈ లోటు ఎవరికీ కనబడలేదు.

చేతి పని

అప్పటి కైరో సిగరెట్ చేతితో చుట్టిందే. సన్నగా, పొడవుగా తరిగిన ఆకును కాస్త తడి ఉండగానే తీసుకుని, మరీ గట్టిగా కాకుండా, మరీ వదులుగా కాకుండా కాగితంలో చుట్టి, కొసలు కత్తిరించాలి. గట్టిగా చుడితే పొగ రాదు, వదులైతే నిప్పు రాలుతుంది. మంచి పనివాడు రోజుకు 3,000 దాకా చుట్టగలడని అప్పటి పరిశ్రమలో లెక్క. 1881లో అమెరికాలో బోన్‌సాక్ యంత్రానికి పేటెంట్ వచ్చింది. అది పది గంటల్లో 1,20,000 చేసేది. 1884కల్లా జేమ్స్ డ్యూక్ ఆ యంత్రాన్ని నార్త్ కరొలినాలో నడిపిస్తున్నాడు.

కైరో యజమానులకు ఈ సంగతి తెలియక కాదు. చేతితో చుట్టింది అన్న మాటకే వాళ్లు ధర వసూలు చేసేవాళ్లు. అందుకే చేతి నేర్పు ఉన్న పనివాళ్లు లేకపోతే పని జరగదు. ఆ పనివాళ్లలో చాలామంది గ్రీకులే. తమ విలువ వాళ్లకు బాగా తెలుసు. 1899 చివర్లో కైరో సిగరెట్ కార్మికులు సమ్మెకు దిగారు. అది 1900 ఫిబ్రవరి దాకా సాగింది. ఈజిప్టు కార్మిక ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. వేతనాల మీద కొంత గెలిచారు. ఆ తర్వాత కూడా సమ్మెలు జరిగాయి. యంత్రాలు మెల్లగా వచ్చాయి, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఒక్కసారిగా ముంచెత్తాయి. చేతులు నమ్ముకున్నవాళ్ల పని పోయింది. యజమానుల కథ చెప్పేటప్పుడు ఈ మనుషులను పక్కన పెట్టేయడం నాకు ఇష్టం ఉండదు. డబ్బా మీద ముద్రించిన గొప్పతనమంతా వాళ్ల వేళ్లలోంచే వచ్చింది.

పేరు చేజారిన వైనం

కేసుకు గుండెకాయ ఇది.

ఈజిప్టు సిగరెట్ పేరు మోగగానే అమెరికా వ్యాపారులు లెక్కలు వేసుకున్నారు. కైరో నుంచి తయారైన సిగరెట్ తెస్తే సుంకం మోయాలి, ఓడ ఖర్చు మోయాలి. ఓరియెంటల్ ఆకును బేళ్లతో తెచ్చుకుని న్యూయార్క్‌లోనే చుడితే? డబ్బా మీద పిరమిడ్, స్ఫింక్స్, చంద్రవంక, ముసుగు వేసుకున్న అమ్మాయి బొమ్మ వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ దారి పట్టినవాళ్లలో గ్రీకులే ముందున్నారు. సోతిరియోస్ అనర్గిరోస్ కంపెనీ నుంచి ఈజిప్షియన్ డెయిటీస్, మురాద్, మొగల్, హెల్మార్ లాంటి పేర్లు వచ్చాయి. ఆ కంపెనీ డ్యూక్ నడిపే అమెరికన్ టొబాకో ట్రస్టు (మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీల కూటమి) కడుపులోకి వెళ్లింది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ ట్రస్టును ముక్కలు చేసినప్పుడు ఈ బ్రాండ్లు లోరిలార్డ్ అనే అమెరికన్ కంపెనీ వాటాకు పోయాయి. ఒక్కసారి ఆలోచించండి: మొగల్ అనే పేరు, ఈజిప్టు దేవతల పేరు, టర్కీ ఆకు, గ్రీకు పేరున్న కంపెనీ, అమెరికన్ యజమాని. కైరోలో కూర్చున్న కుటుంబానికి ఇందులో ఒక్క పైసా లేదు.

1913లో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ క్యామెల్ తెచ్చింది. డబ్బా మీద ఒంటె, వెనక పిరమిడ్లు, తాటిచెట్టు లాంటి ఖర్జూరాలు. లోపల ఎక్కువ భాగం అమెరికాలో పండిన వర్జీనియా, బర్లీ ఆకు. వాసన కోసం కొంచెం టర్కిష్ ఆకు. ఇరవై సిగరెట్లు పది సెంట్లు. అప్పటి టర్కిష్ రకాలు అదే డబ్బుకు అందులో సగమే వచ్చేవి. కొన్ని ఇంకా ఖరీదు. డబ్బా వెనక, మా ఆకు ఖరీదైంది కాబట్టి బహుమతులు, కూపన్లు ఆశించకండి అని రాశారు! అంటే కైరో వాళ్లు ముప్పై ఏళ్లు కష్టపడి జనం మనసులో నాటిన "ఎడారి, ఒంటె, మంచి పొగాకు" అన్న ఊహను పూర్తిగా వాడుకుని, సీసాలో అత్తరు చుక్క వేసినట్టు కాస్త ఓరియెంటల్ ఆకు కలిపి, సామాన్యుడి ధరకు అమ్మేశారు.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అని కుర్రవాళ్లు అడుగుతారు. సరుకు ఎక్కడిదో తప్పుగా చూపించడాన్ని అడ్డుకునే అంతర్జాతీయ ఒప్పందం 1891లోనే మాడ్రిడ్‌లో కుదిరింది. అమెరికా అందులో చేరలేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, జియానాక్లిస్ కోర్టులో నిలబడి ఏమని వాదిస్తాడు? "ఇది నిజమైన ఈజిప్టు సిగరెట్ కాదు" అంటే "మీ ఆకు ఎక్కడిది?" అని అవతలి లాయరు అడుగుతాడు. తన కుటుంబం పేరును, సంతకాన్ని, డబ్బా మీది ముద్రను కాపాడుకోగలడు. దేశం పేరును, పిరమిడ్‌ను కాపాడుకోలేడు. జనం కొన్నది మాత్రం పిరమిడ్‌నే.

సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతం వాళ్లు వేరే దారిలో నడిచారు. 1908లో ప్రభుత్వం చేత హద్దులు గీయించుకున్నారు. ఆ హద్దుల లోపల పండిన ద్రాక్షకే ఆ పేరు. పేరును నేలకు కట్టారు. మన దగ్గర 1999లో భౌగోళిక గుర్తింపు చట్టం వచ్చాక పోచంపల్లి ఇక్కత్‌కు, గుంటూరు సన్నం మిర్చికి, తిరుపతి లడ్డూకు దొరికిన రక్షణ ఈ కోవలోదే. అందుకే ప్రాంతం పేరు మీద బ్రాండ్ పెడతామని వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది లోగో గురించి కాదు. సరుకులో ఎంత భాగం ఆ ప్రాంతంలోనే పుడుతుందో చెప్పమంటాను. బయటి నుంచి తెచ్చిన మిర్చిని గుంటూరులో ఆడించి గుంటూరు కారం అని అమ్మేవాళ్లకు ఈ ప్రశ్న నచ్చదు.

జర్మనీ చెప్పే సాక్ష్యం

ఈజిప్టు సిగరెట్ పతనానికి కారణం రుచి మారడమే అని చాలామంది తేల్చేస్తారు. జనం వర్జీనియాకు మళ్లారు కాబట్టి ఓరియెంటల్ పోయింది అంటారు. బ్రిటన్, అమెరికాల విషయంలో అది నిజం. జర్మనీలో మాత్రం అలా జరగలేదు. అక్కడ ఓరియెంటల్ సిగరెట్ రెండో ప్రపంచయుద్ధం దాకా రాజ్యమేలింది. మరి కైరో కంపెనీలు కనీసం ఆ మార్కెట్‌నైనా ఎందుకు నిలుపుకోలేదు?

ఎందుకంటే ఆ మార్కెట్ అప్పటికే డ్రెస్డెన్ అనే జర్మన్ నగరం చేతిలో ఉంది. జార్జ్ ఆంటన్ యస్మాట్సి అనే గ్రీకు వ్యాపారి 1880లోనే డ్రెస్డెన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. కైరోలో కాదు, కొనుగోలుదారుడి దేశంలో. సుంకం గోడకు లోపలి వైపు. 1909లో హ్యూగో జీట్స్ అదే ఊళ్లో యెనిజే ఫ్యాక్టరీని మసీదు ఆకారంలో, గాజు గుమ్మటంతో కట్టించాడు. మీనార్‌లా కనిపించేది నిజానికి పొగగొట్టం. ఆ కట్టడం నేటికీ నిలిచి ఉంది. యెనిజే అన్న క్సాంతి దగ్గరి ఆకు పేరు, తూర్పుదేశాల వేషం, జర్మన్ యంత్రాలు. తూర్పుదనం అమ్ముడుపోతున్నంత కాలం అది తూర్పున తయారు కావాల్సిన అవసరం లేదని డ్రెస్డెన్ నిరూపించింది.

యస్మాట్సి కథ కూడా సాఫీగా సాగలేదు. 1901 ప్రాంతంలో అమెరికన్ ట్రస్టు అందులో పెద్ద వాటా కొనేసింది. 1920లలో అది రీమ్‌ట్స్‌మా అనే జర్మన్ సిగరెట్ కంపెనీ చేతికి పోయింది. కానీ ఆ కుటుంబం సరైన ధరకు, సరైన సమయంలో అమ్ముకోగల స్థితిలో ఉంది. కైరో కుటుంబాలకు ఆ వెసులుబాటు లేదు.

యుద్ధం, వర్జీనియా, మన నేల

1914లో ఒట్టోమన్లు యుద్ధంలోకి దిగారు. అనటోలియా ఆకు దారులు మూసుకుపోయాయి. 1913లో గ్రీసు చేతికి వచ్చిన కవాలాను 1916 నుంచి 1918 దాకా బల్గేరియా సైన్యం ఆక్రమించుకుంది. అటు బ్రిటిష్ సైనికుల చేతిలో చవక వర్జీనియా సిగరెట్లు పడ్డాయి. యుద్ధం అయ్యేసరికి ఒక తరం మొత్తానికి అదే అలవాటైంది.

కథ మన ఊళ్లకు తగిలేది ఇక్కడే. వర్జీనియా సిగరెట్లు అమ్మే బ్రిటిష్ అమెరికన్ టొబాకోకు అమెరికా బయట ఆకు కావాలి. దాని అనుబంధంగా 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో మొదలైంది, 1912లో ఆకు అభివృద్ధికి ఐఎల్‌టీడీ (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్) కంపెనీ వచ్చింది. 1919లో బ్రిటన్ సామ్రాజ్య దేశాల సరుకుకు సుంకంలో రాయితీ ఇచ్చింది. 1920లో గుంటూరులో వర్జీనియా సాగు మొదలుపెట్టారు. థ్రేస్ ఆకుకు మార్కెట్ పోయిన కాలంలోనే మన నేలలో బ్యారన్లు లేచాయి. ఇవాళ వేలం కేంద్రంలో నో బిడ్ పడిన, అంటే ఎవరూ పాట పాడని, బేళ్లను చూసి తల పట్టుకునే రైతును చూస్తే, రుచి మారితే ఏమవుతుందో ఒకసారి కొమొతిని వైపు చూడమని చెప్పాలనిపిస్తుంది.

కైరోలో మిగిలిన కథ త్వరగానే ముగిసింది. 1920లో ఈస్టర్న్ కంపెనీ ఏర్పడింది. 1927లో అర్మీనియన్ మటోసియన్ కుటుంబం బ్రిటిష్ అమెరికన్ టొబాకోతో చేతులు కలపడంతో దేశీయ మార్కెట్ పెద్ద కంపెనీల చేతికి పోయింది. ఆ ఏడాది జనాభా లెక్కల్లో ఈజిప్టులో గ్రీకులు 76 వేల మంది ఉన్నారు, తర్వాత ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది. 1937లో మాంట్రో ఒప్పందంతో కాపిట్యులేషన్లు రద్దయ్యాయి, గొడుగు పోయింది. 1952 విప్లవం తర్వాతి జాతీయీకరణల్లో మిగిలిన గ్రీకు సిగరెట్ కంపెనీలు కూడా ప్రభుత్వానికి చేరాయి. వలస పాలనతో వచ్చిన రాయితీలు దాంతోపాటే పోవడం ఈజిప్టు వైపు నుంచి చూస్తే న్యాయమే. కుటుంబాల బాధ నిజమే, ఆ న్యాయమూ నిజమే.

డబ్బు ఎటు పోయింది

జియానాక్లిస్‌ను నేను మిగతావాళ్లకంటే ఎక్కువ మెచ్చుకునేది ఇక్కడ. సిగరెట్లు దండిగా డబ్బు తెస్తున్న 1882లోనే ఆయన అలెగ్జాండ్రియాకు దక్షిణాన డెల్టా అంచున ద్రాక్షతోటలు మొదలుపెట్టాడు. ఈజిప్టులో సిగరెట్‌కు ఆకు పండించలేకపోయినా, వైన్‌కు ద్రాక్ష పండించాడు. అంటే రెండో వ్యాపారంలో సరుకును, పేరును, నేలను ఒకేచోటికి తెచ్చాడు. సొంత ఊరు కొమొతినిలో ఆయన ఇచ్చిన డబ్బుతో స్కూలు కట్టారు, త్సానాక్లియో అనే పేరుతో అది ప్రసిద్ధి. కైరోలో ఫ్యాక్టరీ నడిచిన భవనంలో 1908లో ఈజిప్షియన్ యూనివర్సిటీ తరగతులు మొదలయ్యాయి. 1919లో ఆ భవనాన్ని అమెరికన్ యూనివర్సిటీ తీసుకుంది.

తోటలు కూడా జాతీయీకరణలో పోయాయి. అయినా పేరు పోలేదు. ప్రభుత్వం ఆ పేరుతోనే వైన్ అమ్మింది. 1999లో ప్రైవేటు కంపెనీ అల్ అహ్రామ్ బెవరేజెస్ దాన్ని కొంది, 2002లో ఆ కంపెనీని హైనెకెన్ కొంది. అలెగ్జాండ్రియాలో ఒక పేటకు నేటికీ ఆ కుటుంబం పేరే ఉంది.

1905లో నన్ను పిలిచి ఉంటే

వర్క్‌షాపుల్లో చివరికి ఈ ప్రశ్న వేస్తాను: ఇది 1905, ఆర్డర్లు నిండుగా ఉన్నాయి, యజమాని మిమ్మల్ని పిలిచి ఏం చేయమంటారని అడిగాడు. కుర్రవాళ్లు ఎక్కువమంది ప్రకటనలు పెంచమంటారు, నకిలీల మీద కేసులు వేయమంటారు. నేను ఒప్పుకోను. నా సలహా మూడు ముక్కల్లో ఉండేది. మొదటిది, హాంబర్గ్‌లోనో డ్రెస్డెన్‌లోనో సుంకం గోడ లోపల ఒక ఫ్యాక్టరీ, అదీ సగం వాటా స్థానిక భాగస్వామికి ఇచ్చి. రెండోది, క్సాంతి, కవాలాల్లో గోదాములు, రైతులతో పాత సంబంధాలు గట్టిచేసుకుని, న్యూయార్క్ నకిలీదారులకు కూడా ఆకు అమ్మడం. వాళ్లు పిరమిడ్ బొమ్మను ఊరికే తీసుకోగలరు, మాగిన బాస్మా ఆకును మాత్రం కొనాల్సిందే. పైగా ఏ పంటను ఏ పంటతో కలపాలో ఆ కుటుంబానికి తెలిసినంతగా వాళ్లకు తెలియదు. మూడోది, డబ్బా మీద ఈజిప్టు అన్న మాటను చిన్నది చేసి, ఇంటిపేరును పెద్దది చేయడం.

ఇందులో రెండోదాని మీదే వాదన ఎక్కువ నడుస్తుంది. శత్రువుకు ఆకు అమ్మడమేమిటని అడుగుతారు. క్యామెల్ లాంటి సిగరెట్లు, ఆ దారిలో వచ్చిన అమెరికన్ బ్లెండ్ అంతా దశాబ్దాల తరబడి ఓరియెంటల్ ఆకును కొంటూనే వచ్చాయని, సిగరెట్ ఒక్కింటికి కొంచెమే అయినా అమ్ముడయ్యే సిగరెట్లు కోట్లలో ఉన్నాయని చూపిస్తాను. 1923 తర్వాత అనటోలియా నుంచి వచ్చిన గ్రీకు శరణార్థులు ఉత్తర గ్రీసులో ఆ ఆకు పండించే బతికారు. కైరో ఫ్యాక్టరీల తలుపులు మూసుకుపోయాక కూడా కవాలా నుంచి బేళ్లు ఓడలెక్కుతూనే ఉన్నాయి.